సర్దుకుపోకండి, సరిచేసుకోండి

దుప్పటి ఎంత ఉందో చూసుకుని కాళ్ళు చాపుకోమన్నారు పెద్దలు. డబ్బు విషయంలో ఇంతకు మించిన సలహా లేదు. చిక్కేమిటంటే, ఆ మాటను డబ్బు దగ్గర మరిచిపోయి మిగతా అన్నిచోట్లా పాటిస్తాం. ఆఫీసు కుర్చీ ఎత్తు కుదరకపోతే నడుం వంచుకుంటాం. వంటగట్టు పల్లంగా ఉంటే మెడ వంచుకుంటాం. మోటార్ సైకిల్ మీద కాలు పెట్టుకునే చోటు కుదరకపోతే మోకాలు ముడుచుకుంటాం. ఇంకాస్త పొడుగు దుప్పటి కుట్టించుకోవచ్చన్న ఆలోచన మాత్రం రాదు.

నాకూ రాలేదు. ఆరు నెలలపాటు రాలేదు.

సెకండ్ హ్యాండ్‌లో ఒక క్రూయిజర్ బండి కొన్నాను. మామూలు ఫుట్‌రెస్టులకు బదులు పాదం మొత్తం ఆనేలా వెడల్పాటి ఫుట్‌బోర్డులున్న బండి. హార్లే డేవిడ్‌సన్ రోడ్ కింగ్, హెరిటేజ్ క్లాసిక్ బండ్లకు ఉంటాయే, ఆ రకం. ఫుట్‌బోర్డు మా తరానికి కొత్తేమీ కాదు. చేతక్ స్కూటర్ ముందుభాగంలో నిలబడి ఊరంతా చూసినవాళ్ళం. బియ్యం బస్తా, గ్యాస్ సిలిండర్, పండక్కి మామిడాకులు, అన్నీ ఆ రేకు మీదే ప్రయాణం చేశాయి. అందుకే బండి చూడగానే ప్రాణం లేచొచ్చింది.

ఆ బండి మీద హైదరాబాదు నుంచి శ్రీశైలం బయల్దేరాను. డిండి దాటేసరికి ముడ్డిపూస దగ్గర మంట మొదలైంది. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర దిగితే నడుం నిటారు కావడానికి రెండు నిమిషాలు పట్టింది. నల్లమల ఘాట్‌లో ఒక వంపు దగ్గర బండి వాల్చానో లేదో, ఫుట్‌బోర్డు రోడ్డుకు తగిలి కర్రుమని గీసుకుపోయింది. గుండె నోట్లోకి వచ్చింది. అయినా నేను అనుకున్నదేమిటి? ‘పెద్ద బండి కదా, అలవాటు కావాలి. వయసు కూడా వచ్చింది మరి.’ ఇంటికొచ్చి జెల్ సీటు కవరు కొన్నాను. తర్వాత నడుం బెల్టు కొన్నాను. ఆ తర్వాత నొప్పి మాత్రలు.

చివరికి సర్వీసింగ్‌కి వెళ్ళినప్పుడు షెడ్డులో పెద్ద మేస్త్రి బండిని వంగి చూసి, “సార్, ఈ బోర్డులు ఎవలి కాళ్ళకు పెట్టిచ్చిండ్రు?” అని అడిగాడు. అప్పుడు గుర్తొచ్చింది. నాకు బండి అమ్మిన మనిషి ఆరడుగులు దాటి ఉంటాడు. నేను అయిదడుగుల అయిదంగుళాలు. కాళ్ళు బారుగా చాపుకోవడానికి ఆయన అదనపు బ్రాకెట్లు వేయించుకుని, బోర్డులను ముందుకు, కిందికి జరిపించుకున్నాడు. ఆరు నెలలుగా నేను వేరొకరి కాళ్ళతో ప్రయాణం చేస్తున్నాను.

“బండిని మనకు కట్టుకోవాలె గానీ, మనల్ని బండికి కట్టుకుంటమా సార్?” అన్నాడు మేస్త్రి.

ఈ అధ్యాయం ఆ ఒక్క ప్రశ్నకు జవాబు. మనం ‘అడ్జస్ట్’ అనే మాటను రెండు రకాలుగా వాడతాం. ‘కొంచెం అడ్జస్ట్ అవ్వండి’ అంటే సర్దుకుపొమ్మని. ‘కొంచెం అడ్జస్ట్ చేయండి’ అంటే సరిచేయమని. మనుషులతో మొదటిది కావాలి. ఇనుముతో రెండోదే కావాలి.

పాదం చెప్పినట్టు నడుం వింటుంది

ఈ పుస్తకం పక్కన పెట్టి ఒక చిన్న పని చేయండి. కుర్చీలో కూర్చుని పాదాలు మోకాళ్ళకు సరిగ్గా కింద పెట్టుకోండి. చేతులు ఆనించకుండా సీటు మీంచి ఒక్క అంగుళం పైకి లేవండి. లేవగలిగారు కదా? ఇప్పుడు కాళ్ళు బారుగా ముందుకు చాపి అదే పని చేయండి. లేవలేరు.

నా నడుం నొప్పి రహస్యమంతా ఇంతే. బండి మీద శరీరం మూడు చోట్ల ఆనుతుంది: సీటు, హ్యాండిల్, పాదాలు. పాదాలు ఒంటికి దగ్గరగా ఉంటే గుంత వచ్చినప్పుడు కాళ్ళు కొంత బరువు మోస్తాయి. తెలియకుండానే ఒళ్ళు కాస్త పైకి లేస్తుంది. పాదాలు మరీ ముందుకు పోతే కాళ్ళు వట్టి అలంకారం. ప్రతి స్పీడ్ బ్రేకరూ సీటులోంచి నేరుగా వెన్నులోకి ఎక్కుతుంది. పొట్టి మనిషికి ఇంకో తంటా కూడా ఉంది. బోర్డును అందుకోవడానికి సీటు మీద ముందుకు జారతాడు. జారితే నడుం గుండ్రంగా వంగుతుంది.

అలాగని బోర్డు ఎంత దగ్గరుంటే అంత మంచిదనుకోవద్దు. మరీ దగ్గరగా, ఎత్తుగా ఉంటే మోకాలు 90 డిగ్రీలకన్నా బిగుతుగా ముడుచుకుంటుంది. గంటకల్లా మోకాలిచిప్ప చుట్టూ పట్టేస్తుంది. తుంటి దగ్గర లాగుతుంది. దూరప్రయాణానికి మోకాలు లంబకోణం కన్నా కాస్త విప్పుకుని ఉండాలి, కాలు మాత్రం పూర్తిగా చాపుకోకూడదు.

ఫుట్‌బోర్డులో అసలు సుఖం వేరే ఉంది. ఫుట్‌రెస్టు మీద పాదానికి ఒకటే చోటు. బోర్డు మీద మడమ వెనక్కి లాక్కోవచ్చు, వేళ్ళు ముందుకు జరపొచ్చు, అరగంటకోసారి కాలి భంగిమ మార్చుకోవచ్చు. కదలకుండా కూర్చున్న ఒళ్ళే తొందరగా అలసిపోతుంది. కాబట్టి బోర్డును ఒకే ఒక్క ‘సరైన’ చోట బిగించడం మన లక్ష్యం కాదు. పాదం అటూ ఇటూ తిరగడానికి వీలున్న చోట బిగించడం లక్ష్యం.

నొప్పిని చదవడం నేర్చుకోండి

చెప్పు కరిస్తే నాలుగడుగులకే విప్పి చూస్తాం. బండి కరిస్తే మాత్రం ఏళ్ళ తరబడి ఓర్చుకుంటాం. చెప్పు ఎక్కడ కరుస్తోందో తెలుస్తుంది, బండి ఎక్కడ కరుస్తోందో తెలియదు. అందుకే ముందుగా ఒక చిన్న నోటుబుక్కు. వచ్చే మూడు ప్రయాణాల్లో నొప్పి ఎక్కడ మొదలైంది, ఎన్ని కిలోమీటర్లకు మొదలైంది, దిగి నడిస్తే ఎంతసేపటికి తగ్గింది అన్నవి రాసుకోండి. ఆ తర్వాత ఇలా చదువుకోండి.

ముడ్డిపూస, నడుం కిందిభాగం నొప్పి పుడితే బోర్డులు మరీ ముందుకు ఉన్నాయేమో చూడాలి.

మోకాలి ముందుభాగం, తుంటి పట్టేస్తే బోర్డులు ఎత్తుగానో దగ్గరగానో ఉన్నాయి.

మడమ కీలు, మోకాలి కింది ఎముక పక్కన కండరం లాగుతుంటే తప్పు చాలాసార్లు బోర్డుది కాదు. బ్రేకు పెడల్, గేరు రాడ్డు బోర్డు కన్నా మరీ పైకి ఉండి, ప్రతిసారీ పాదం మొత్తం ఎత్తాల్సి వస్తోంది.

అరికాలు జివ్వుమంటే బోర్డు మీద రబ్బరు అరిగిపోయి ఉండొచ్చు, లేదా బోల్టులు వదులై ఉండొచ్చు. ఇంజను అదురును పాదానికి చేరకుండా ఆపేది ఆ రబ్బరే.

సిగ్నల్ దగ్గర కాలు దించినప్పుడల్లా కాలిఎముక బోర్డు అంచుకు తగులుతుంటే మీ కాలు నేలకు దిగాల్సిన చోటే బోర్డు కూర్చుంది. కాళ్ళు పొట్టివాళ్ళకు ఇది మామూలే. బోర్డును కాస్త జరపడమో, సీటు ఎత్తు తగ్గించడమో దీనికి మందు.

మెడ, భుజాలు, మణికట్లు నొప్పి పెడితే ముందుగా హ్యాండిల్ వైపు చూడండి. బోర్డులు జరిపి ఉపయోగం లేదు.

బండి దిగి గంటలు గడిచినా తిమ్మిరి తగ్గకపోయినా, నొప్పి తొడ మీదుగా కాలి వేళ్ళదాకా పాకినా మాత్రం వెళ్ళాల్సింది మెకానిక్ షెడ్డుకు కాదు, డాక్టరు దగ్గరికి.

పానా పట్టేముందు

ముందు డబ్బు ఖర్చులేని పనులు. టైర్లలో గాలి కంపెనీ చెప్పినంత ఉందో లేదో చూడండి. వెనక షాక్ అబ్జార్బర్లను మీ బరువుకు తగినట్టు తిప్పించుకోండి. రోజూ ఏ బూట్లతో నడుపుతారో ఆ బూట్లు వేసుకునే కొలతలు తీయండి. చెప్పులతో చూసుకున్న కొలత మందపాటి అట్ట ఉన్న బూటుకు పనికిరాదు.

ఇప్పుడు బండిని చదునైన నేల మీద నిలపండి. సైడు స్టాండు మీద వద్దు, వాలి ఉంటుంది కాబట్టి లెక్క తప్పుతుంది. ఒకరిని ముందు నిలబడి హ్యాండిల్ గట్టిగా పట్టుకోమనండి. ఎక్కి కూర్చుని కాళ్ళు రెండూ గాల్లో వేలాడదీయండి. కళ్ళు మూసుకోండి. తర్వాత మీ కాళ్ళు వాటంతట అవి ఎక్కడ ఆనాలనుకుంటాయో అక్కడికి తీసుకురండి. కళ్ళు తెరిచి చూడండి. పాదాలు బోర్డు మధ్యలో ఉన్నాయా, ముందు అంచు కోసం వెతుక్కుంటున్నాయా, వెనక అంచు దాటి వేలాడుతున్నాయా? ఇంకొకరి చేత పక్కనుంచి ఫోటో తీయించుకోండి. ఆ ఫోటోలో మోకాలి వంపు, నడుం గీత రెండూ కనపడాలి. మన కూర్చోవడం ఎలా ఉందో మనకు కనపడదు. నా ఫోటో చూసి నేనే నవ్వుకున్నాను, వాలుకుర్చీలోంచి జారిపోతున్న తాతగారిలా ఉన్నాను.

బండితో వచ్చిన పుస్తకం తీయండి. మీ మోడల్ బోర్డులు ఎంతవరకు జరుగుతాయో, ఏ బోల్టు ఎంత బిగించాలో అందులో ఉంటుంది. ఇప్పుడు బోర్డులు ఎక్కడున్నాయో మార్కరుతో గీతలు పెట్టి, టేపుతో కొలిచి రాసుకోండి. వెనక్కి వచ్చే దారి తెలిసినవాడే ధైర్యంగా ముందుకు వెళ్తాడు.

మూడు కదలికలు, ఒక్కోసారి ఒక్కటి

ఫుట్‌బోర్డు సాధారణంగా రెండు బ్రాకెట్ల మీద చాసిస్‌కు బిగించి ఉంటుంది. బండి వాలి బోర్డు రోడ్డుకు తగిలితే పైకి మడుచుకునేలా మధ్యలో కీలు ఉంటుంది. కొన్ని బండ్లలో బ్రాకెట్‌కే పొడుగు గాడి గానీ, రెండు మూడు రంధ్రాలు గానీ ఉంటాయి. కొన్నింటిలో ఏమీ ఉండవు, ఆ మోడల్‌కని తయారుచేసిన బ్రాకెట్లు కొనాలి. ఏ రకమైనా కదలికలు మూడే.

మొదటిది ముందుకు, వెనక్కి. నడుం నొప్పికి, మోకాలి బిగువుకు ఎక్కువగా పనిచేసేది ఇదే. ఒకసారికి ఒక సెంటీమీటరు చాలు. వినడానికి కొంచెమే అనిపిస్తుంది, వంద కిలోమీటర్ల తర్వాత అది పెద్ద తేడా.

రెండోది ఎత్తు. కిందికి దించితే కాలికి చోటు దొరుకుతుంది, కానీ మలుపులో బోర్డు తొందరగా నేలను తాకుతుంది. పైకి లేపితే మలుపులో నిశ్చింత, మోకాలికి ఇబ్బంది. రెండూ కలిసి రావు, బేరం ఆడుకోవాలి. హైవే మీదే తిరిగేవాళ్ళు కాస్త దించుకోవచ్చు. శ్రీశైలం, అరకు, మారేడుమిల్లి ఘాట్లలో తిరిగేవాళ్ళు కంపెనీ ఇచ్చిన ఎత్తు కన్నా దించకపోవడమే క్షేమం. బోర్డు గీసుకున్న చప్పుడు ‘ఇక ఇంతకన్నా వాల్చకు’ అని బండి చేసే హెచ్చరిక. బోర్డు పూర్తిగా మడుచుకున్నాక దాని తర్వాత నేలను తాకేది మడుచుకునేది కాకపోవచ్చు.

మూడోది వాలు. బోర్డు ముందు అంచు కాస్త పైకి ఉంటే చాపిన కాలికి మడమ కీలు సహజంగా కుదురుతుంది. మరీ పైకి లేపితే పిక్కలు లాగుతాయి. కూర్చున్నప్పుడు పాదం ఏ వాలులో ఆగుతుందో బోర్డూ ఆ వాలులోనే ఉండాలి.

రెండు వైపులా ఒకేలా జరపండి. మూడు కదలికలూ ఒకేరోజు చేయకండి. ఒకటి మార్చి, ఒక గంట నడిపి, నోటుబుక్కులో రాసి, ఆ తర్వాతే రెండోది. అన్నీ ఒకేసారి మార్చితే ఏది మేలు చేసిందో, ఏది చెడగొట్టిందో మీకే తెలియదు.

బోర్డు కదిలితే పెడళ్ళూ కదలాలి

ఇక్కడే నేను తప్పు చేశాను. అదనపు బ్రాకెట్లు తీయించాక ఉత్సాహం ఆగక, మరుసటి ఆదివారం రెండు బోర్డులనూ ఇంకాస్త వెనక్కి నేనే జరిపాను. బ్రేకు పెడల్ సంగతి పట్టించుకోలేదు. బూటు ముందుభాగం పెడల్ మీదే ఆనుతోంది. వెనకొస్తున్న కుర్రాడెవరో పక్కకొచ్చి, “అంకుల్, మీ బ్రేక్ లైటు వెలుగుతూనే ఉంది” అని చెప్పేదాకా తెలియలేదు. అప్పటికి వెనక డిస్కు చేయి పెట్టలేనంత కాలిపోతోంది.

బ్రేకుకు లెక్క ఇది. మడమ బోర్డు మీదే ఉండాలి. దాని ఆధారంగా పాదం ముందుభాగం తిరిగి పెడల్‌ను నొక్కాలి. మామూలుగా కూర్చున్నప్పుడు బూటు పెడల్‌ను తాకకూడదు. అత్యవసరంలో వెతుక్కోవాల్సినంత దూరమూ ఉండకూడదు. హైడ్రాలిక్ బ్రేకులో పుష్‌రాడ్ పొడవు మారిస్తే బ్రేకు పట్టేసే ప్రమాదం ఉంది. కాబట్టి ఆ పని అనుభవమున్న మెకానిక్‌కు వదిలేయండి. పొదుపు చేయడానికి వేరే చోట్లు ఉన్నాయి.

ఎడమవైపు గేరు రాడ్డు. అది సన్నని పళ్ళున్న షాఫ్టుకు బిగించి ఉంటుంది. బోల్టు వదులుచేసి, రాడ్డును బయటికి లాగి, ఒక పన్ను అటో ఇటో మార్చి బిగిస్తే ఎత్తు మారుతుంది. సన్నని మార్పు కావాలంటే లింకు రాడ్డు చివర్లలో నట్లు వదులుచేసి తిప్పాలి. ఒక చివర మర ఎడమవైపు తిరిగేది అయ్యుండొచ్చు, మొండిగా తిప్పి మర చెడగొట్టకండి. ముందు వేళ్ళతో, వెనక మడమతో తొక్కే రకం రాడ్డయితే, ఆ రెంటి మధ్య మీ బూటు ఇరుక్కోకుండా చోటుండాలి. స్ప్లెండర్ లాంటి రోజువారీ బండ్లలో కూడా ఈ రకం రాడ్డే ఉంటుంది. అంటే ఫుట్‌బోర్డుల్లేని వాళ్ళకూ ఈ భాగం పనికొస్తుంది. మామూలు బండి ఫుట్‌రెస్టు జరగకపోవచ్చు, గేరు రాడ్డు, బ్రేకు పెడల్ ఎత్తు మాత్రం సరిచేసుకోవచ్చు. సగం మడమ నొప్పులు అక్కడే పోతాయి.

రోడ్డెక్కేముందు

బోల్టులన్నీ టార్క్ రెంచితో పుస్తకంలో చెప్పినంతే బిగించండి. అదురుకు వదులయ్యే చోట కంపెనీ చెప్పి ఉంటే నీలం రంగు లాక్‌టైట్ వాడండి. ఎరుపు రంగుది వద్దు, తర్వాత ఊడదీయాలంటే వేడిచేయాల్సి వస్తుంది. బోర్డును చేత్తో పైకి మడిచి చూడండి, తడబడకుండా మడుచుకుని కిందికి రావాలి. వెనక చక్రం గాల్లో తిప్పి చూడండి, బ్రేకు పట్టకుండా తిరగాలి. బ్రేకు లైటు నొక్కితే వెలగాలి, వదిలితే ఆరాలి. సైడు స్టాండు బోర్డుకు తగలకూడదు. హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పినా మోకాలికి తగలకూడదు. బూటు సైలెన్సర్‌కు ఆనకూడదు. ముందు వీధిలో, తర్వాత పది కిలోమీటర్లు, ఆ తర్వాతే దూరం. వంద కిలోమీటర్లయ్యాక బోల్టుల బిగువు మళ్ళీ ఒకసారి చూడండి.

వెనక కూర్చున్నవాళ్ళకు కాళ్ళున్నాయి

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన ప్రకారం ప్రతి మోటార్ సైకిల్‌కూ వెనక కూర్చునేవారికి పట్టుకోవడానికి పిడి, కాళ్ళు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు, బట్టలు చక్రంలో పడకుండా అడ్డు ఉండాలి. మన ఇళ్ళలో అమ్మలు, అత్తలు ఒక పక్కకు తిరిగి కూర్చుంటే కాళ్ళు ఆనేది చీర గార్డుకున్న ఆ చిన్న రేకు మీదే. మనం షోరూములో మైలేజీ అడుగుతాం, రంగు అడుగుతాం. ఆ రేకు మీద అమ్మ పాదం ఆనుతోందా, గాల్లో వేలాడుతోందా అని చూసినవాళ్ళు అరుదు. వెనకవాళ్ళకు కూడా బోర్డులున్న పెద్ద బండ్లు కొన్నింటిలో వాటి ఎత్తు మార్చుకునే ఏర్పాటు ఉంటుంది. లేని బండ్లలో కనీసం అడగండి: “కాలు ఆనుతోందా?” అని. మీరు అడిగేదాకా వాళ్ళు చెప్పరు. సర్దుకుపోవడంలో వాళ్ళు మనకన్నా ఎక్కువ ఆరితేరినవాళ్ళు.

ఎక్కడ ఆగాలి

కంపెనీ ఇచ్చిన గాడిలో బోర్డు జరుపుకోవడం వేరు, చాసిస్‌కు రంధ్రం వేసి వెల్డింగ్ పెట్టించడం వేరు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ బండి మూల స్వరూపాన్ని మార్చడానికి ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సంగతి స్పష్టం చేసింది. చట్టం మాట పక్కన పెట్టినా, వెల్డింగ్ వేడికి చాసిస్ ఇనుము బలం తగ్గొచ్చు. కాళ్ళ సుఖం కోసం ప్రాణం తాకట్టు పెట్టకండి.

నా బండి సంగతి చెప్పి ముగిస్తాను. బ్రాకెట్లు తీశాక బోర్డులు నాలుగు సెంటీమీటర్లు వెనక్కి వచ్చాయి. ఆ ఉత్సాహంలో నేనే ఇంకా వెనక్కి జరిపాను, మోకాళ్ళు పట్టేశాయి. మళ్ళీ ఒకటిన్నర సెంటీమీటర్లు ముందుకు. పెడళ్ళు రెండుసార్లు సరిచేయించాను. మూడు వారాలు పట్టింది. అంతా కలిపి నేను కొన్న జెల్ కవరు, నడుం బెల్టు ఖరీదులో సగం కూడా కాలేదు. మొన్న మన్ననూరు దగ్గర బండి దిగి నేరుగా టీ కొట్టు దాకా నడిచాను. నొప్పి పూర్తిగా పోలేదు, రెండొందల కిలోమీటర్లు కూర్చుంటే ఎవరికైనా ఒళ్ళు పట్టేస్తుంది. వందకోసారి దిగి నాలుగడుగులు వేయక తప్పదు. ఒకటి మాత్రం నిజం, ఇప్పుడు నేను నా కాళ్ళతోనే ప్రయాణం చేస్తున్నాను.

ఈ అధ్యాయం చదివాక మీరు చేయాల్సిన పని ఒకటే. రేపు పొద్దున బండి తీసేముందు ఒక్క నిమిషం ఆగండి. ఒకరిని హ్యాండిల్ పట్టుకోమని ఎక్కి కూర్చుని, కాళ్ళు వేలాడదీసి కళ్ళు మూసుకోండి. పాదాలు ఎక్కడికి వెళ్ళాలనుకుంటున్నాయో వాటినే అడగండి. అవి ఒకచోటు చూపించి, బండి ఇంకోచోట పెట్టమంటే, పానా తీయండి.